నడకకు కొన్న ఇల్లు

ఛత్రినాక,
9 మార్చి 2025

అన్నా,

నువ్వూ వదినా బాగున్నారనుకుంటాను. నిన్న ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ" అని పెట్టేశావు. తాండూరులో ముప్పై ఏళ్ళు నాపరాళ్ళు నున్న చేసే మెషిన్ పక్కన నిలబడ్డ చెవులకు ఇక ఫోన్ ఏం వినపడుతుంది? మెసేజ్ పెడితే అద్దాలు దొరకలేదంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మేం ఇల్లు కొన్నాం. మొన్న గురువారం రిజిస్ట్రేషన్ అయింది. చాంద్రాయణగుట్ట దాటి శంషాబాద్ తోవలో బస్సులో అరగంట. పాత కాలనీ. రెండు గదులు, వంటిల్లు, ముందర చిన్న గేటు. మెట్లు ఒక్కటి కూడా లేవు.

ఎందుకు కొన్నామో నీకు తెలుసు. మీ బావ ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని, ఇది తగ్గే జబ్బు కాదని డాక్టరు పోయినేడే చెప్పాడు. "ఎన్ని రోజులు నడవగలిగితే అన్ని రోజులు నడిపించమ్మా, చదునైన బాట మీద, పొగ లేని చోట" అన్నాడు. ఇక్కడ ఎక్కడ నడిపించను? మా వాటా నుంచి కిందికి ఇరవై రెండు మెట్లు. దిగితే గల్లీ నిండా బండ్లు. నాలుగడుగులకు ఒకసారి ఆయన గోడ పట్టుకుంటే నలుగురు మూగుతారు. "ఏమైంది కండక్టర్ సాబ్, గట్ల రొప్పుతున్నవ్?" అని అడుగుతారు. పాపం, ప్రేమతోనే అడుగుతారు. ఆయన ఇంటికొచ్చి, "ఇరవై ఆరేండ్లు పబ్లిక్‌ల నిలబడ్డ. ఇప్పుడు పబ్లిక్ నన్ను నిలబెట్టి చూస్తున్నరు" అంటాడు. డిసెంబరు నుంచి కిందికి దిగడమే మానేశాడు.

పదకొండు ఇళ్ళు చూశాను. అన్నీ పుస్తకంలో రాసి పెట్టాను. ఈ కాలనీలో పాలకు నూట నలభై అడుగులు, కూరగాయలకు నాలుగు వందల ఇరవై, మందుల షాపుకు అయిదు వందల పది. ఆయన పక్కన నడుస్తూ నేనే లెక్కబెట్టాను. నడిచే బాట వేరే, బండ్ల బాట వేరే. ఎక్కడా గుంత లేదు. ఆ రోజు మందుల షాపు దాకా పోయి వచ్చాడన్నా, మధ్యలో మూడుసార్లు ఆగి. ఎవరూ ఏమీ అడగలేదు.

ఉగాది తర్వాత మంచి రోజు చూసి పాలు పొంగించాలి. పుట్టింటి బట్టలు లేకుండా ఆ గడప తొక్కలేను కదా. నువ్వూ వదినా వచ్చి, బట్టలు పెట్టి, నా కొంగులో ఒడిబియ్యం పోస్తే ఆ బియ్యంతోనే లోపలికి పోతాను. తొందరగా రా. ఆయన నడవగలిగే రోజులు మనం అనుకున్నన్ని లేవు.

నీ చెల్లె,
కృష్ణమ్మ

తాండూరు,
20 మార్చి

చెల్లె కృష్ణమ్మకు,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. నేను చదివేది నాకు వినపడలేదు గాని, పక్కింటివాళ్ళకు కూడా వినపడిందట. "ఎందుకయ్య గంత వొర్లుతవు, ఇల్లు కొన్నది మీ చెల్లె, దండోరా నువ్వెందుకు?" అంది.

సంతోషం. కాని ఒక మాట అడుగుతాను. పాలకు ఎన్ని అడుగులో రాశావు, మందులకు ఎన్నో రాశావు, తాండూరుకు ఎన్నో రాయలేదు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగితే ఛత్రినాకకు నేను కళ్ళు మూసుకుని వస్తాను. ఆ కొత్త కాలనీలో ఒక చెవిటివాడు తోవ అడిగితే చెప్పేదెవరు, చెప్పినా వినేదెవరు? బోనాలకు ఇన్నేళ్ళు నీ ఇంటికే వచ్చాను. అది నీ లెక్కలోకి రానట్టుంది.

ఇంకొకటి. నీకు ఒడిబియ్యం పోసింది 2021 శ్రావణంలో. ఇప్పుడు నడిచేది నాలుగో ఏడు. సరి ఏట పోయరని నీకు తెలియదా? మన మేనమామ తొందరపడి అమ్మకు నాలుగో ఏట పోశాడు. ఆ ఏడే బాపు పోయాడు. నాకు పదేళ్ళు, నువ్వు అమ్మ చంకలో ఉన్నావు. నీకు గుర్తులేదు, నాకు ఉంది. శ్రావణం వస్తే అయిదో ఏడు పడుతుంది. అప్పుడు దర్జాగా వచ్చి పోస్తాను. నాలుగు నెలలు ఆగు. బావకేం కాదు.

నీ అన్న,
ఎల్లప్ప

ఛత్రినాక,
1 ఏప్రిల్

అన్నా,

పండుగ ముందు రోజు నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. నువ్వు రాసిన కారణం కంటే రాయని కారణమే పెద్దదనిపించింది.

మీ షెడ్డు మెషిన్లు రెండు నెలలుగా బందున్నాయని మాకు ఇల్లు చూపించిన సామ్యూల్ చెప్పాడు. ఆయన తమ్ముడు మీ దగ్గరే కదా పనిచేసేది. బట్టలంటే మా ఇద్దరికే కాదు, బిడ్డ సోనీకి, అల్లుడికి కూడా పెట్టాలి. ఇది నీకు బరువని నాకు తెలియక అడిగాను. నువ్వు ఫికర్ చేయకు. అందరి బట్టలూ నేనే కొని ఇక్కడ పెడతాను. నువ్వు వచ్చాక సంచిలో వేసి ఇస్తాను, నువ్వు తెచ్చినట్టే అందరి ముందర పెట్టు. నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలియదు. వదినకు కూడా చెప్పవద్దు.

తాళంచెవి బీరువాలో పెట్టాను. మీ బావ రోజూ ఒకసారి బీరువా దగ్గర నిలబడి నన్ను ఉడికిస్తాడు.

"ఏందే, ఇల్లు కొన్నమా, తాళంచెవి కొన్నమా?"

"అన్న రానీ."

"మీ అన్న వచ్చేసరికి నేను గోడకెక్కుత, ఫోటోల."

గట్ల మాట్లాడొద్దని కొట్టినంత పని చేశాను. ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఈ నెలలోనే రా అన్నా.

కృష్ణమ్మ

తాండూరు,
14 ఏప్రిల్

కృష్ణమ్మకు,

అమ్మ పోయాక నీ పెళ్ళి నేను చేశాను. సంచిలో ఎవరో వేసి ఇచ్చిన బట్టలతో చేయలేదు.

నీ సొమ్ముతో నీకే చీర పెట్టి, అన్న పెట్టాడని అందరినీ నమ్మించమంటావా? మెషిన్ బందయింది, నేను బంద్ కాలేదు. శ్రావణంలో వస్తాను. నా చెమటతో కొన్న బట్టలు తెస్తాను. అంతకు ముందు రాను. నేను రాకముందు నువ్వు ఆ గడప తొక్కితే, నీకు అన్న లేడనుకుంటాను.

ఎల్లప్ప

ఛత్రినాక,
6 మే

అన్నా,

ఇరవై రోజులు కలం పట్టలేదు. నీ మీద కోపంతో కొంత, నా మీద కోపంతో ఎక్కువ. నేను బరువు తగ్గిద్దామనుకున్నాను. నీకు అది చిన్నతనమవుతుందని తట్టలేదు. ఇంటి లెక్క చూసినట్టే ఇదీ చూశాను. తప్పే.

సరే, ఆగుతాం. నువ్వు రానిదే తాళం తీయను. మాట.

మీ బావకు ఇది నచ్చలేదు. "లోపలికి వద్దు, ఊకె పోయి బయట నడిచొద్దాం పా" అంటాడు. నేను ఒప్పుకోలేదు. గేటు దాకా పోయి, తాళం చూసి తిరిగొస్తే ఎవరైనా చూసి ఏమనుకుంటారు? పుట్టింటివాళ్ళు రాలేదనుకుంటారు. ఆ మాట నీకే కదా తగిలేది.

ఒక మంచి కబురు. మీ బావ మళ్ళీ మెట్లు దిగుతున్నాడు. రోజు విడిచి రోజు తొమ్మిదింటికి ఆటో మాట్లాడుకుని డిపోకు పోతున్నాడు, పాత దోస్తులతో కూర్చోవడానికి. పన్నెండున్నరకు వస్తాడు. అలసిపోయి వస్తాడు గాని ముఖం తేటగా ఉంటుంది. "అంతసేపు ఏం ముచ్చట్లు?" అంటే, "యూనియన్ లొల్లి, నీకు సమజ్ గాదు" అంటాడు. నడవాల్సినవాడు అక్కడ కూర్చుని చాయ్ తాగుతున్నాడని నాకు కొంచెం బాధగానే ఉంది. అయినా వద్దనలేదు. బయటికి పోవడమే చాలు.

పుస్తకంలో ఆ రోజులకు ఎదురుగా 'డిపో' అని రాస్తున్నాను. నడక అని రాయడానికి ఏమీ లేదు.

నీ చెల్లె,
కృష్ణమ్మ

తాండూరు,
30 మే

చెల్లె కృష్ణమ్మకు,

కోపంలో రాసింది చింపేసెయ్. అన్న లేడనుకుంటానని రాసిన రోజు నాకు అన్నం దిగలేదు. మీ వదిన పళ్ళెం తీసేస్తూ, "చెవులు పోయినయనుకున్న, బుద్ధి గూడ పోయిందా?" అంది. అది మాత్రం బాగా వినపడింది.

ఇంకో షెడ్డులో పని దొరికింది. బట్టలు కొన్నాను. నీకు ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు. బావకు ధోతి, కండువా. పంతులు శ్రావణంలో రెండో శుక్రవారం బాగుందన్నాడు. ఆగస్టు ఒకటి. రాసుకో. తాళం మాత్రం తీయకు. నువ్వు మాటిచ్చావు, నేను ఆ మాట మీదే ఉన్నాను. అన్నీ పద్ధతిగా జరిగితే బావ ఆ కాలనీలో పదేళ్ళు నడుస్తాడు.

బావ డిపోకు పోతున్నాడంటే నాకు ధైర్యం వచ్చింది. చూశావా, నువ్వే ఎక్కువ భయపడ్డావు.

ఎల్లప్ప

ఛత్రినాక,
22 జూన్

అన్నా,

మీ బావ రెండు వారాలుగా ఎటూ పోవడం లేదు. ముసురు మొదలైనప్పటి నుంచి ఊపిరి అందడం లేదు. ఆక్సిజన్ మెషిన్ కిరాయికి తెచ్చాం. అది పొద్దంతా గుయ్యిమంటుంది. మంచం నుంచి బాత్‌రూమ్‌కు పదకొండు అడుగులు. మధ్యలో కుర్చీ వేశాను.

డాక్టరు ఇక నడక మాట ఎత్తడం లేదు.

నిన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ ఇల్లు అమ్మొద్దే" అన్నాడు.

"ఎవరు అమ్ముతమన్నరు?"

"ఎవ్వలనలె. నేనే చెప్తున్న. మాటియ్యి."

"ఇప్పటికే మా అన్నకు ఒక మాటిచ్చి కూసున్న. ఇంకోటి నాతోటి గాదు" అన్నాను. విసుగులో అన్నాను.

అన్నా, ఒక్కసారి వచ్చిపో. బట్టలు వద్దు, బియ్యం వద్దు. ఉత్త చేతులతో రా.

కృష్ణమ్మ

తాండూరు,
1 జూలై

చెల్లె కృష్ణమ్మకు,

బట్టలు వద్దు, బియ్యం వద్దు అని రాశావు. ఏప్రిల్‌లో నేనన్న మాటకు నీ కోపం ఇంకా దిగలేదని అర్థమైంది. ఏం చేస్తే దిగుతుందో చెప్పు. కొన్న బట్టలు పెట్టెలో పెట్టుకుని నెల రోజులుగా నేను ఆగస్టు ఒకటి కోసం చూస్తుంటే, నువ్వు ఉత్త చేతులతో రమ్మంటావు.

వానల్లో ఆయాసం ఎవరికైనా పెరుగుతుంది. మా షెడ్డులో దుమ్ము పీల్చినవాళ్ళందరికీ ఇదే కథ. ఎండ పడగానే తగ్గుతుంది. ఇంక ఒక నెల. బావకు మిరియాల కషాయం ఇవ్వు.

ఎల్లప్ప

తాండూరు,
27 జూలై

కృష్ణమ్మా,

ఏడో తారీఖు పొద్దున వచ్చినప్పుడు నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నువ్వు మాట్లాడావేమో, నాకు వినపడలేదు. చుట్టూ అందరి నోళ్ళూ కదులుతున్నాయి. నేను బావ పాదాల దగ్గరే నిలబడ్డాను.

నీ జూన్ ఉత్తరం మళ్ళీ చదివాను. అందులో కోపం లేదు. అప్పుడు నేను ఎలా చదివానో నాకే తెలియడం లేదు. ఉత్త చేతులతో రమ్మన్నావు. రెండున్నర గంటల తోవ.

పదకొండో రోజు పుట్టింటి చీర తేవాలన్నారు. నాలుగు నెలలుగా నువ్వు అడిగినప్పుడు తేని చీర, ఆ రోజు మాత్రం తప్పకుండా తేవాలట. ఇంట్లో ఉన్నది ఆకుపచ్చది ఒక్కటే. దాన్ని పెట్టెలోనే ఉంచి, బజారుకు పోయి తెల్లది కొన్నాను. కొట్టువాడు ఏదో అడిగాడు. పుట్టింటి నుంచి అని మాత్రం చెప్పాను.

సరి ఏడు, బేసి ఏడు అని కూర్చున్నాను. బాపును పోగొట్టుకున్నట్టు బావను పోగొట్టుకోవద్దని. ఇది సాకు కాదని నువ్వు నమ్మితే చాలు.

ఆ ఇంటిని ఏం చేస్తావు?

ఎల్లప్ప

ఛత్రినాక,
10 ఆగస్టు

అన్నా,

నమ్ముతున్నాను. నేనూ నీలాగే ఆగాను కదా. తాళంచెవి నా దగ్గరే ఉంది. నిన్ను అడగకుండా ఒక్క రోజు ఆయన్ని తీసుకుపోతే నువ్వు చంపేవాడివా? నీకిచ్చిన మాట పోతుందని చూశాను, ఆయన రోజులు పోతున్నాయని చూడలేదు. ఇద్దరం పంచుకుందాం.

ఆ ఇల్లు అమ్మేస్తాను. సామ్యూల్‌కు చెప్పాను. అది ఆయన నడవడానికి కొన్నది. అక్కడ నాకేం పని?

కృష్ణమ్మ

వెంకటరమణ కాలనీ,
12 అక్టోబరు

అన్నా,

పైన ఊరు పేరు చూసి ఉలిక్కిపడకు. నింపాదిగా చదువు.

సెప్టెంబరులో ఇల్లు కొనేవాళ్ళు చూస్తామంటే సామ్యూల్‌తో కలిసి వచ్చాను. గేటు తాళం తుప్పుపట్టి తిరగడం లేదు. నేను అవస్థ పడుతుంటే మూల మీది కిరాణా కొట్టు నుంచి ఒకాయన నూనె సీసా పట్టుకుని వచ్చాడు. పేరు ముష్తాక్. తాళంలో రెండు చుక్కలు వేసి, నా వైపు చూసి, "మీరు కృష్ణమ్మ చాచీ గదా?" అన్నాడు.

నేను ఎట్లా తెలుసని అడిగాను.

"కండక్టర్ సాబ్ చెప్పిండు. పుస్తకం పట్టుకొని వస్తది, అడుగులు లెక్కబెట్టుకుంట వస్తది, గుర్తుపట్టుండ్రి అన్నడు. సాబ్ ఏడీ? మస్తు రోజులైంది, రాలె. తబియత్ బాగ లేదా?"

అన్నా, రెండు నెలలుగా నేను ఎవరికీ ఆ మాట నోటితో చెప్పవలసిన అవసరం రాలేదు. అందరికీ తెలుసు, అందరూ వచ్చారు. ఆ గేటు ముందర మొదటిసారి చెప్పవలసి వచ్చింది. ముష్తాక్ నూనె సీసా కింద పెట్టి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. కొట్టు లోపల్నుంచి ఆయన భార్య రహీమా వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, మెడలో ఇంకా టేపు వేలాడుతూనే ఉంది. ఆమె ఏడుస్తుంటే నేను ఓదార్చాను.

డిపో కాదన్నా. మీ బావ ఇక్కడికే వచ్చేవాడు. చాంద్రాయణగుట్ట దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా.

"నేను పదిన్నరకు కుట్టిన బ్లౌజులు ఇయ్యపోత. చాచా నా ఎంట నడుస్తుండె" అంది రహీమా. "ఇంట్లకు పోయి జర కూసోరాదు చాచా అంటె, తాళంచెవి మా ఆమె దగ్గరుంది, వాళ్ళ అన్న వచ్చేదాంక తియ్యదు, నేను అడగొద్దు అన్నడు. మా అరుగు మీదనే కూసుండి నీళ్ళు తాగిపోతుండె."

నీ మీద ఆయనకు కోపం లేదు. అది నీకు తెలియాలని ఈ మాట ముందు రాశాను.

తర్వాతిది నా గురించి. రహీమా చెప్పడానికి కొంచెం వెనకాడింది.

"చాచా అన్నడు, నేను గీడ ఉండెటోణ్ణి గాదు బిడ్డా. మా ఆమె నా కోసం కొన్న అనుకుంటుంది, అనుకోనీ. ఛత్రినాకల నేను పోతె పొద్దుమూకులు నలుగురొచ్చి పాపం పాపం అంటరు, ఈమె ఆ రెండో అంతస్తుల కూసొని లెక్కలు రాసుకుంట ముసల్ది అయితది. గీడైతె మెట్లు లేవు. నువ్వు తలుపు కొట్టి బయటికి గుంజుకపో. రాను అంటది. ఇనకు."

ఆయన ఇల్లు అమ్మవద్దని మాట అడిగినప్పుడు నేనేమన్నానో నీకు రాశాను. ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే పారెయ్యి అన్నా. నాకు గుర్తుంది, అది చాలు.

కొనేవాళ్ళను వద్దని పంపించాను. దసరా అయ్యాక సామాను తెచ్చుకున్నాను. పాలు పొంగించలేదు, ఎవరినీ పిలవలేదు. సోనీ వారం రోజులుండి పోయింది. నీకు చెప్పకుండానే గడప దాటాను. దీనికి నువ్వు బాధపడవని అనుకున్నాను.

ఈ ఊళ్ళో ఒక చెవిటివాడు తోవ అడిగితే ఎవరు చెబుతారన్నావు. బస్సు దిగి కండక్టర్ సాబ్ ఇల్లు అని అడుగు. చెయ్యి చూపిస్తారు.

నిన్న సాయంత్రం రహీమా తలుపు కొట్టింది. రానన్నాను. వినలేదు. ఇద్దరం నడిచాం. కానుగ చెట్టు దగ్గర ఆమె ఆగింది. ఎందుకో అడగలేదు, నేనూ ఆగాను. మళ్ళీ కరెంటు స్తంభం దగ్గర ఆగింది. తర్వాత ఇస్త్రీ బండి దగ్గర. అక్కడ తానే నాలుక కరుచుకుని, "చాచాతోటి అలవాటైంది. మీకు ఆయాసం లేదు గదా, పా చాచీ, పోదాం" అంది.

జర ఆగుదాం బిడ్డా అన్నాను.

నీ చెల్లె,
కృష్ణమ్మ